మేడం హస్తవాసి

మా ల్యాబ్‌లోకి టీ గ్లాసు పట్టుకొచ్చిన మనిషి బతికి బట్టకట్టడం కష్టం. మేడం అరవరు. కళ్లజోడు ముక్కు మీదికి దించి గ్లాసు వైపోసారి, మనిషి వైపోసారి చూస్తారు. అంతే, మనిషి గ్లాసుతో సహా వరండాలోకి జారుకుంటాడు. బిస్కెట్ పొట్లం, ఖమణ్ ఢోక్లా ప్లేటు, ఆఖరికి దగ్గు బిళ్ల కూడా ఆ గడప దాటకూడదు. రక్తంలోంచి తీసిన కణాలతో పని చేసే చోటు, ఏ మురికి ఎక్కడ అంటుకుంటుందో ఎవరికి తెలుసు అని ఆమె భయం. ఆ భయం న్యాయమైనదేనని నాకూ తెలుసు.

అదే మేడం, పక్కనే ఉన్న తన గదిలో కూర్చుని, పొద్దున వచ్చీ రాగానే ఒక ఆకు వేసుకునేవారు. అన్నం తిన్నాక ఇంకొకటి, బుర్ర వేడెక్కినప్పుడల్లా మరొకటి. తమలపాకు తొడిమ తుంచి, బొటనవేలితో సున్నం రాసి, వక్క పలుకులు పెట్టి, మడిచి బుగ్గన పెట్టుకునేవారు. చేరిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి, ఇది మాత్రం తినడం కాదా మేడం అని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

“ఆకేసుకునుడు తినుడెట్ల అయితదే పోరీ? శనివారం ఒక్కపొద్దున్నప్పుడు సుత ఏసుకుంట,” అన్నారు.

ఒక్కపొద్దుకు చెడనిది ల్యాబ్‌కు మాత్రం ఎందుకు చెడుతుంది? ఆమె లెక్క అది. మా ఇంట్లో అమ్మ లెక్క కూడా అదే. బుద్ధి తెలిసినప్పటి నుంచి వింటున్న లెక్క కాబట్టి నేనూ సరేననుకున్నాను.

మాది సూరత్‌లో గోడాదరా. నాన్న జోల్వాలో మరమగ్గాల మీద, మా మాటలో చెప్పాలంటే సాంచెల మీద పని చేస్తాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. మేడం కూడా ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషే. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచెల పనికే ఈ ఊరొచ్చాడు. కూతురు మాత్రం కెమిస్ట్రీ చదివి ప్రొఫెసర్ అయింది. డిపార్ట్‌మెంట్‌లో అందరితో గుజరాతీ, సెమినార్లలో ఇంగ్లీషు, నాతో మాత్రం తెలుగు మాట్లాడేవారు. నన్ను తిట్టేటప్పుడు ఆ తెలుగు ఇంకా చిక్కబడేది. గుజరాతీ పిల్లలు అర్థం కాకపోయినా నిలబడి వినేవాళ్లు.

నేను ఎమ్మెస్సీ అయ్యాక పల్సానాలో ఒక రంగుల మిల్లు టెస్టింగ్‌లో చేరబోతుంటే, ఆమే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మ కంగారుపడి పక్కింటి నుంచి కుర్చీ తెచ్చింది. మేడం ఆ కుర్చీ వైపు చూడనే లేదు.

“ఉండనియ్యి చెల్లె, మోకాళ్లు ఇంక మంచిగనే ఉన్నయి,” అంటూ చాప మీద కూర్చుని, అమ్మ ఆకుల పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. ఆకు వేసుకుని, సున్నం బాగుందని మెచ్చుకుని, ఆ తర్వాతే నా సంగతి ఎత్తారు. “పిల్లను నాకియ్యి. దాని తలకాయ మిల్లుల పెట్టి ఖరాబ్ చెయ్యకు.”

“తీస్కపో అక్కా, నీ బిడ్డనే అనుకో,” అంది అమ్మ.

నన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. నా పీహెచ్‌డీ అలా చాప మీద ఖాయమైంది. అప్పటి నుంచి వారం వారం తడిగుడ్డలో చుట్టిన ఆకులు, అమ్మ స్వయంగా నానబెట్టి వడగట్టిన సున్నం ఒక చిన్న డబ్బీలో, నా బ్యాగులో ఎక్కి మేడం గదికి వెళ్లేవి. మేడం డబ్బీ మూత తీసి వాసన చూసి, “మీ అమ్మ చెయ్యి అమృతమే,” అనేవారు. సున్నంలో అమృతమేమిటో నాకెప్పుడూ తెలియలేదు. కానీ ఆ మాట అమ్మకు చేరవేయడం మాత్రం మరిచేదాన్ని కాదు.

మేము చేసే పని బయటివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం. మన రక్తంలో కాపలా కణాలుంటాయి. ఏదో రోగం చొరబడిందని కబురు అందగానే ఆ కణం లోపల ఒక చిన్న అణువు పుడుతుంది. అది వెళ్లి, కణంలోనే ఉన్న కాల్షియం కొట్టు తలుపు తీస్తుంది. కాల్షియం కణమంతా నిండుతుంది, కణం నిద్రలేచి పోట్లాటకు సిద్ధమవుతుంది. చిక్కేమిటంటే, ఆ తలుపు తీసే అణువు మహా సుకుమారం. పుట్టిన కాసేపటికే విరిగిపోతుంది. మనం బయట నుంచి పోస్తే పొర దాటి లోపలికి పోనే పోదు. అందుకని మేము దానికి నకళ్లు తయారు చేస్తాం. విరిగే చోట విరగని ముక్క వేస్తాం. పొర దాటనివ్వని విద్యుదావేశానికి ముసుగు వేస్తాం. లోపలికి పోయాక ఆ ముసుగును కణమే కోసి పారేస్తుంది. తలుపు తీసే నకలు ఒకటి దొరికితే, దాని పోలికలోనే తలుపు తియ్యనివ్వని నకలు కూడా కట్టొచ్చు. కీళ్లవాతంలాగా, కాపలా కణాలే సొంత ఒంటి మీద తిరగబడే రోగాలకు అది పనికొస్తుందని ఆశ.

నకళ్లు చేయడం ఈ ఊళ్లో వింతేమీ కాదు. పొద్దున ఒక చీర డిజైన్ బజారులోకి వస్తే, దాని నకలు ఇంకో వీధిలో సాంచె ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. నాన్నకు నా పనిని అలాగే చెప్పాను. ఆయన అన్నం తింటూ విని, “అసలుదాని కన్న గట్టిగుంటదా మరి?” అని ఒక్కటే అడిగాడు. ఉండాలె నాన్నా, అందుకే తన్నుకుంటున్నం అన్నాను.

మేడం ఈ ఎండాకాలం రిటైరవుతున్నారు. అణువులు కట్టే పద్ధతుల మీద ఆమెకు మంచి పేరే ఉంది. కానీ కట్టిన అణువు బతికున్న కణంలో పని చేయడం వేరు. “తలుపు తీసే నకలు ఒక్కటి, నా కండ్ల ముంగట, ఒక్కటి చూసి పోత,” అనేవారు. శాలువాలు, సన్మానాలు ఆమెకు పట్టలేదు. ఆమె వెళ్లిపోతే ఈ పని ఎత్తుకునేవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. మేడం అంటే నాకు ప్రాణం, ఆ మాట చెప్పడానికి సిగ్గెందుకు. ఆ ఒక్కటీ ఆమెకు దొరకాలని నా థీసిస్ కంటే ఎక్కువగా కోరుకున్నాను.

మా సాంచెల ఇళ్లలో ఒక అలవాటు ఉంది. సాంచె మీద కొత్త పడుగు బీము ఎక్కించిన రోజున ఇంట్లో పెద్దామె వచ్చి ఒక పోగు ముడి వేస్తే తప్ప మోటారు వేయరు. మేడం ఆ అలవాటును ల్యాబ్‌లోకి కూడా తెచ్చేశారు. కొత్త అణువు మొదటిసారి కణాల మీద పడేది ఆమె చేత్తోనే. గోడ మీద రాసిన రూలు కాదు గానీ అంతకంటే గట్టిది. గుజరాతీ పిల్లలు కూడా దాన్ని మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఎందుకంటే మేడం చేత్తో వేస్తే గీత లేచేది.

గీత సంగతి చెప్పాలి. కణాల్లో ముందే ఒక రంగు నింపుతాం. కాల్షియం తగిలితే ఆ రంగు వెలుగుతుంది. ఆ వెలుగును యంత్రం కొలిచి తెర మీద గీతగా చూపిస్తుంది. కణాలు ఈదుతున్న ద్రావణంలో కాల్షియం లేకుండా చూసుకుంటాం. బయట లేదు కాబట్టి, గీత లేచిందంటే కణం లోపలి కొట్టు తెరుచుకుందని అర్థం. మేడం వేసిన అణువు చాలాసార్లు గీతను ఒక్క ఉదుటున లేపేది. అదే అణువును మళ్లీ మేము వేస్తే గీత లేవమన్నా లేచేది కాదు. కణాలు అలసిపోయాయని, ఈసారి రక్తమిచ్చిన మనిషికి ఒంట్లో బాగోలేదేమోనని ఏవేవో చెప్పుకునేవాళ్లం. మళ్లీ మళ్లీ చేస్తే నిలవని ఫలితం బయటికి పోకూడదన్నది మేడం పట్టింపు. ఆ పట్టింపు వల్లే మా పరువు నిలిచింది. నిలవని అణువును సీసాలో పోసి చలిపెట్టెలో పెట్టేసేవాళ్లం. కానీ ల్యాబ్‌లో ఒక మాట పాతుకుపోయింది, మేడం హస్తవాసి మంచిదని.

ఆ చెయ్యి పని చేసే తీరు చూడాలి. తొడుగులు వేసుకుంటే దురద అని వట్టి చేతులే. ల్యాబ్‌లోకి వచ్చే ముందు కుళాయి కింద చెయ్యి పెట్టేవారు, కొంగుకు తుడుచుకునేవారు. కణాలున్న నాలుగుపలకల చిన్న గాజు గొట్టంలో అణువు చుక్క వేసి, గొట్టం మూతి మీద బొటనవేలు అదిమి, ఒక్కసారి తలకిందులు చేసి యంత్రంలో పెట్టేవారు. పాతకాలం కెమిస్టుల అలవాటు అది. మేమైతే ప్లాస్టిక్ పుల్లతో కలిపేవాళ్లం. వట్టి ద్రావణం వేసి సరిచూసుకునే పని కూడా మాదే, దానికి మేడం చెయ్యి ఎందుకని. ఇంత చదువుకుని ఆ బొటనవేలు కంటపడలేదా అని మీరు అడగొచ్చు. కంటపడింది. చూసి మురిసిపోయాం.

చివరి అణువు మేడం కాగితం మీద గీస్తే నేను కట్టాను. ముసుగు కొత్త రకం. మేడం చేత్తో వేయగానే గీత నిలువునా లేచింది. నా తల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. ఆ రోజు వరండాలో అందరికీ ఘారీ మిఠాయి పంచారు. వీడ్కోలు సభలో ఈ గీతే చూపిస్తానని నా చేత స్లైడ్ కూడా చేయించారు. తర్వాత నేను వేస్తే గీత కదల్లేదు. ఇంకోసారి వేస్తే అప్పుడూ కదల్లేదు.

“నీ చెయ్యి ఇంక పచ్చిగున్నది. అయితది తియ్,” అన్నారు మేడం. అన్నారు గానీ మొహంలో ఆందోళన దాగలేదు.

సభకు ఇంకా మంచి బొమ్మ కావాలని మేడం ఒక మధ్యాహ్నం మళ్లీ తనే వేస్తానన్నారు. ఐసులో రెండు చిన్న గొట్టాలు పెట్టి ఉంచాను, ఒకదాంట్లో అణువు, ఒకదాంట్లో అణువు లేని వట్టి ద్రావణం. అప్పుడే మా డిపార్ట్‌మెంట్ హెడ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేడం ఆయనతో గుజరాతీలో నవ్వుతూ మాట్లాడుతూ ఒక గొట్టం అందుకున్నారు, దాంట్లోంచి కణాల మీద చుక్క వేశారు, బొటనవేలు అదిమారు, తిప్పారు, పెట్టారు. గీత ఒక్క ఉదుటున లేచింది. హెడ్ చప్పట్లు కొట్టాడు. నేను ఐసు వైపు చూశాను. అణువు ఉన్న గొట్టం మూత తీయకుండా అక్కడే ఉంది.

పెద్దమనిషి ముందర నోరెత్తలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, తొడుగులు వేసుకుని వట్టి ద్రావణం వేసి పుల్లతో కలిపాను, గీత లేవలేదు. శుద్ధి చేసిన నీళ్లతో చెయ్యి కడుక్కుని, నా బొటనవేలు అదిమి తిప్పాను, లేవలేదు. అప్పుడు నా బ్యాగులో ఉన్న అమ్మ డబ్బీ మూత తీసి, పుల్ల కొనతో రవ్వంత సున్నం తీసి ముంచాను. గీత అచ్చం మేడం గీతలాగే లేచి నిలబడింది. సున్నమంటేనే కాల్షియం. కణాల్లో నింపిన రంగు కొంచెం బయటికి కూడా కారుతుంది. బయట కాల్షియం తగిలితే అదీ వెలుగుతుంది. లోపలి కొట్టు తలుపు ఎవరూ తీయలేదు. పదో తరగతి పిల్లకు కూడా తెలిసిన సంగతి, కాల్షియం మీద బతుకుతున్న మా అందరి మధ్యా ఇన్నేళ్లు ఆకులో చుట్టుకుని కూర్చుంది. నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ స్టూలు మీద కూలబడి ఏడ్చాను.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. లేసు కుడుతున్న చీర ఒళ్లోనే ఉంది.

“గా సున్నం నేను పంపిందే గదనే,” అంది అమ్మ నెమ్మదిగా.

“ఔ.”

“అయితే నేను సుత చెడగొట్టిన్నా?”

“నువ్వేం చేసినవమ్మా, ఊకో. ఆమెకెట్ల చెప్పాలె? గా ఒక్క గీత కోసమే బతుకుతున్నది.”

అమ్మ సూది పక్కన పెట్టింది. “చెప్పకుండ ఎట్లుంటవ్? మంది ముంగట నిలబడి చూపెట్టినంక తెలిస్తే అక్క తలకాయ యాడ పెట్టుకుంటది? మనోళ్లం మనమే చెప్పాలె. జర మెల్లగ చెప్పు.”

మర్నాడు పొద్దున అమ్మ ఆకులు చుట్టి ఇచ్చింది గానీ డబ్బీ ఇవ్వలేదు. ఎన్నిసార్లు అడిగినా, గా సున్నం నా చెయ్యితోటి మల్ల పంప అంది. మేడం గదిలో పొట్లం పెట్టి గోడకు నిలబడ్డాను. మేడం గుడ్డ విప్పి, అటూ ఇటూ వెతికి, “సున్నం ఏది?” అన్నారు.

“గదే చెప్పుదామని వచ్చిన మేడం.”

మెల్లగా చెప్పమని అమ్మ చెప్పింది. నాకు మెల్లగా చెప్పడం ఎక్కడ వచ్చు. గొట్టం మారిన సంగతి, పుల్ల కొన సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో కక్కేశాను. మేడం నన్ను ఆపలేదు. నేను ఆగాక తన బొటనవేలు వెలుతురులోకి పెట్టి చూసుకున్నారు. గోరు సందున తెల్లగా ఉంది.

“నడువు. చూపెట్టు,” అన్నారు.

ల్యాబ్‌లో వట్టి ద్రావణం వేసి, అలవాటుగా వేలు అదిమి తిప్పారు. గీత లేచింది. తర్వాత పలచటి ఆసిడ్‌తో, శుద్ధి చేసిన నీళ్లతో ఆ వేలును గోరు సందులతో సహా కడుక్కుని వచ్చి, మళ్లీ అదే చేశారు. గీత కదల్లేదు. మేడం తన చేత్తోనే యంత్రం ఆపేశారు. తిడితే బాగుండుననిపించింది నాకు.

“ఇన్నేండ్ల సంది నా చెయ్యి మంచిదనుకున్న,” అన్నారు.

“మంచిదే మేడం.”

“ఊకో. మంచిది మీ అమ్మ సున్నం.” నవ్వబోయారు, నవ్వు రాలేదు. “గా స్లైడ్ తీసెయ్యి. హెడ్డుకు నేనే చెప్పుకుంట.”

చెప్పారు కూడా. దాచకుండా, సున్నం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పారని హెడ్డే తర్వాత నాతో అన్నాడు. ఆ రోజు మేడం భోజనం గిన్నె మూత తీయకుండానే ఇంటికి వెళ్లిపోయారు. వెళ్లే మనిషి వీపు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది, చేసిన పని సరైనదేనని తెలిసి కూడా.

మర్నాడు నోట్లో ఆకు లేకుండా వచ్చారు. ఆకు లేని మేడంను మేమెవరం అంతకుముందు చూడలేదు. మూతి బిగించుకుని, కనపడినవాళ్లందరి మీదా చిరాకుపడుతూ తిరిగారు. ఫ్యాను తిరగడం లేదని తిట్టారు, తిరుగుతోందని తిట్టారు. మధ్యాహ్నానికి నన్ను పిలిచారు.

“మన ముసుగు కొత్తది గద. కణం దాన్ని కోసేటందుకు ఎంత సేపు పడతదో మనం ఎన్నడన్న చూసినమా?”

చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. మేడం వేస్తే గీత వెంటనే లేచేది కాబట్టి, మేము వేసినప్పుడు వెంటనే లేవకపోతే, ఇంక ఇది లేవదని యంత్రం ఆపేసేవాళ్లం.

“అణువు పొర దాటాలె. ముసుగు తెగాలె. అటెన్క తలుపు కాడికి పోవాలె,” అన్నారు మేడం వేళ్లు మడుస్తూ. “ఏసుడుతోనే లేచిందంటేనే నాకు అనుమానం రావాలె ఉండె. గింత చిన్న ముచ్చట తట్టలే బిడ్డా నాకు. లేవాలె, లేవాలె అని గదే ఆశ మీద ఉన్న.”

మొదట వట్టి ద్రావణం వేసి, ఎప్పుడూ ఉంచనంత సేపు ఉంచి చూశాం. గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది. తర్వాత అణువు. గొట్టం నా చేతికిచ్చి, “నువ్వెయ్యి, నేను ముట్ట,” అని మేడం చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నారు. వేశాను, పుల్లతో కలిపాను, పెట్టాను. గీత కదల్లేదు. నా చెయ్యి అలవాటుకొద్దీ ఆపే మీట వైపు వెళ్లింది.

“ఆపకు,” అన్నారు మేడం.

కూర్చున్నాం. వరండాలో ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. నేను తెర వైపు చూడలేక మేడం వైపు చూశాను. ఆమె పెదాలు ఆకు నములుతున్నట్టే కదులుతున్నాయి, నోట్లో ఏమీ లేదు. నేను మళ్లీ తెర వైపు తిరిగేసరికి గీత నేలను వదిలేసి ఉంది. ఒక్క ఉదుటున కాదు. బద్ధకంగా, నిద్రలేచిన పిల్లలాగా, కొంచెం కొంచెం పైకి వచ్చింది. వచ్చి అక్కడ నిలబడింది. మేడం పాత గీతల పక్కన పెడితే మరుగుజ్జు. కానీ ఇది లోపలి నుంచి వచ్చింది.

“ఇంకోసారి ఎయ్యి,” అన్నారు. వేశాను. మళ్లీ అలాగే లేచింది. పక్క బెంచీ మీద పని చేస్తున్న గుజరాతీ అమ్మాయిని పిలిచి ఆమె చేత వేయించారు. అప్పుడూ లేచింది. నాకూ ఆ అమ్మాయికీ సంతోషం ఆగలేదు, ఒకరినొకరు పట్టుకుని గంతులు వేశాం. ఒక్కటంటే ఒక్కటి అని మేడం కోరుకున్నది దొరికింది. తలుపు తీసే నకలు ఆమె కళ్ల ముందరే తలుపు తీసింది.

మేడం గంతులు వేయలేదు. చలిపెట్టె దగ్గరికి వెళ్లి తలుపు తెరిచి, లోపలి సీసాల వరుసల వైపు చూస్తూ నిలబడిపోయారు. చలిపొగ ఆమె కాళ్ల మీద పడుతోంది.

“మరి ఇయ్యన్ని?” అన్నారు.

నాకు అప్పుడు గానీ తట్టలేదు. వాటన్నిటినీ మేము మధ్యలోనే ఆపేశాం. మేడం వేసినప్పుడు లేచి, మేము వేసినప్పుడు వెంటనే లేవలేదని చచ్చిన లెక్కలో వేసి పెట్టేశాం. అందులో నిజంగా చచ్చినవెన్నో, బతికున్నవెన్నో ఎవరికీ తెలియదు. మేడం ఒక్కొక్క సీసా వైపు వేలు చూపించారు. సీసా మీద చీటీ చూడకుండానే, అది ఎవరు కట్టారో చెప్పుకుంటూ పోయారు.

“ఇది పెండ్లయి ఆనంద్ ఊరికి పోయిన పిల్లది. ఇది నవ్సారి పిల్లగానిది, ఇప్పుడు బ్యాంకుల చేస్తున్నడు, కెమిస్ట్రీ పేరెత్తితేనే లేచి పోతడు. ఇది…” అని ఆగారు. “ఇది నడుమల ఇడిసిపెట్టి పోయినామెది. నా చేతుల లేచింది, ఆమె చేతుల లేవలే. నాకే చాతకాదు మేడం అని నా గదిల కూసొని ఏడ్చింది. ఎంత చెప్పినా ఇనకుంట పోయింది. వాపి ఊర్ల ఏదో ఫ్యాక్టరీల టెస్టింగ్ చేస్తదట.”

చలిపెట్టె తలుపు మూసి, ఆ వాపి అమ్మాయికి ఫోను కలపమన్నారు. ఆమె నంబరు మేడం దగ్గర ఉంది, ఎప్పుడూ చేయలేదంతే. అవతల ఎత్తగానే మేడం స్పీకర్ పెట్టి, కుశలప్రశ్నలు లేకుండా గుజరాతీలో మొదలుపెట్టారు. సున్నం సంగతి, బొటనవేలు సంగతి, మధ్యలో ఆపేసిన సంగతి అన్నీ చెప్పారు. నీకు చాతకాక కాదు బేటా, నీ చెయ్యి శుభ్రంగా ఉండి లేవలేదు, నా చెయ్యి మురికిగా ఉండి లేచింది, అన్నారు. నీ అణువును ఈ వారం మళ్లీ చూస్తాం, లేస్తుందో లేవదో నేను చెప్పలేను, కానీ నువ్వు ఓడిపోయి పోలేదు, ఆ మాట చెప్పడానికి చేశాను, అన్నారు. చెప్పేటప్పుడు ఆమె గొంతు క్లాసులో పాఠం చెప్పినట్టే ఉంది.

అవతల ఫ్యాక్టరీలో ఏదో యంత్రం చప్పుడు వినిపించింది. అప్పుడు ఆ అమ్మాయి గుజరాతీలోనే, నిన్ననే ల్యాబ్ వదిలి వెళ్లిన మనిషిలాగా అంది, “అయితే చేతులు బాగా కడుక్కోండి మేడం. కడుక్కుని, మొదటి చుక్క మీరే వేయండి.”

మేడం ఫోను నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.